కిరాణా కాంటా మీద కొత్త కెమెరా

"ముందుగాల మనది పెట్టు సేటూ" అన్నాడు స్టూడియో కుర్రవాడు. కిరాణా కొట్టు సేటు శనగపప్పు పొట్లాన్ని పక్కకు జరిపి కాంటా పళ్లెం గుడ్డతో తుడిచాడు. పట్టీ విప్పి, మూతలు తీసి, ఫ్లాష్ పక్కన పెట్టి, కెనాన్ 5డీ మార్క్ 3 కెమెరాను 24-105 లెన్సుతో సహా పళ్లెంలో ఉంచారు. ఎర్ర అంకెలు గిరగిరా తిరిగి 1.620 దగ్గర నిలిచాయి. తర్వాత దుబాయ్ నుంచి వచ్చిన సోనీ ఏ7సీ వంతు. దానితో పాటు వచ్చిన 28-60 బుల్లి లెన్సు బిగించి పెడితే 0.675.

"రెండిటి పని ఒక్కటేనా?" అని అడిగాడు సేటు.

ఒక్కటేనన్నారు.

"మరి కిలో ఏడబోయింది?"

2022 ఫిబ్రవరి మొదటి వారంలో బాన్సువాడ బస్టాండు దగ్గరి కిరాణా కొట్టులో పుట్టిన ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఆ కుర్రవాడు కాసేపు ఆలోచించాడు. ఈ కాలమ్ రాసే ప్రవాసి మాత్రం ఆలోచించకుండానే "అద్దం తీసేశారు కదా, అందుకే" అనేశాడు. కుర్రవాడు తల అడ్డంగా ఊపాడు. "అద్దంల అంత బరువు ఎక్కడుంటదన్నా? సగం కంటె ఎక్కువ లెన్సుల పోయింది. మన లెన్సొక్కటే 670 గ్రాములు. నీది 167. దీనికి పెండ్లికి పనికొచ్చే లెన్సు పెట్టు, మళ్ల చూద్దాం." అతని మాట అక్షరాలా నిజం. సోనీవాళ్లదే అప్పటి 24-70 ఎఫ్2.8 లెన్సు, పెళ్లిళ్లవాళ్లు నమ్ముకునే జీఎం రకం, 886 గ్రాములు. అది బిగిస్తే ఏ7సీ ముందుకు ఒరిగిపోతుంది. సంవత్సరంగా ప్రవాసి చూసిన పొగడ్తల వీడియోల్లో ఈ మాటను ఇంత సూటిగా చెప్పినవాళ్లు తక్కువ.

ఈ ప్రవాసి ఊరు వదిలింది 2002లో. నిజాంసాగర్ కాలువ నీళ్ల మీద వరి పండించుకునే ఈ ప్రాంతంలో గల్ఫ్ వెళ్లని ఇల్లు కనిపించడం కష్టం. అప్పుడు ఇది నిజామాబాద్ జిల్లా. 2016 దసరాకు కామారెడ్డి జిల్లా అయింది. మొదటి పాస్‌పోర్టు ఫొటో ఈ స్టూడియోలోనే దిగాడు. తెల్లగుడ్డ ముందు స్టూలు మీద కూర్చోబెట్టి ఇప్పటి కుర్రవాడి తండ్రి తీశాడు, పెంటాక్స్ కె1000 అనే రీలు కెమెరాతో. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ప్రవాసి సెలవుపై వచ్చిన ప్రతిసారీ ఆ గడప తొక్కుతూనే ఉన్నాడు. షార్జాలో స్టోర్‌కీపర్ ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో ఫొటోలు తీయడం నేర్చుకున్నాడు. బర్ దుబాయ్‌లో ఈ కెమెరా కొన్న రోజు అతనికి ముందు గుర్తొచ్చింది ఈ స్టూడియోనే. దీన్ని చూసి వీళ్లేమంటారో వినాలని తెచ్చాడు.

వీళ్లన్న మొదటి మాట: "గిది ఆటబొమ్మ లెక్కుంది."

ఆ మధ్యాహ్నం స్టూడియోలో నలుగురు ఫొటోగ్రాఫర్లు పోగయ్యారు. మాఘమాసం లగ్గాలు మొదలవుతున్న రోజులు, అందరి ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి. కరోనా వచ్చిన రెండేళ్లలో పెళ్లిళ్లు వాయిదాలు పడి, జరిగినవి కూడా యాభై మందితో ఇళ్లలోనే ముగిసిపోయి, ఈ పని చేసేవాళ్లంతా చితికిపోయి ఉన్నారు. అలాంటప్పుడు కొత్త కెమెరా అంటే సరదా మాట కాదు. అమెరికాలో ఏ7సీ బాడీ ధర అప్పట్లో 1,799 డాలర్లు. ఆ డబ్బు తిరిగి రావాలంటే ఎన్ని పెళ్లిళ్లు తీయాలో వీళ్లు వేళ్ల మీద చెప్పగలరు. అందుకే ఒక్కొక్కరూ దాన్ని చేతిలోకి తీసుకుని చూసిన తీరు వేరు. ఒకాయన వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి "కిటికీ చిన్నగుంది" అన్నాడు. ఇంకొకాయన స్క్రీను పక్కకు తెరిచి తిప్పి, మూసి, మళ్లీ తెరిచి కీలు గట్టిదేనా అని చూశాడు. మూడో ఆయన బ్యాటరీ తీసి చూసి సంతోషించాడు. ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100, సోనీ పెద్ద కెమెరాల్లో వాడేదే. కంపెనీ లెక్కన ఒక్క చార్జికి 740 ఫొటోలు. తొలినాళ్ల సోనీ ఏ7లో బ్యాటరీ 340 ఫొటోలకే అయిపోయేది. జేబునిండా బ్యాటరీలు వేసుకుని తిరిగిన రోజులు ఆయనకు గుర్తున్నాయి.

కుర్రవాడు మాత్రం పక్కనున్న మూత తెరిచాడు. లోపల ఒకే ఒక్క కార్డు గాడి.

"ఒక్క స్లాటేనా?" అన్నాడు. మూత మూసి, కెమెరాను మెల్లగా కౌంటర్ మీద పెట్టాడు. ఇంకేమీ అనలేదు. మిగతా ముగ్గురూ కూడా అనలేదు.

ఆ మౌనం ఎందుకో ప్రవాసికి ఆ రాత్రి అర్థమైంది. టీ తాగుతూ కుర్రవాడు చెప్పాడు. కొన్నేళ్ల కింద ఒక పెళ్లి. వరుడు మస్కట్ నుంచి పదిహేను రోజుల సెలవుపై వచ్చాడు. జీలకర్ర బెల్లం, పుస్తె కట్టుడు, తలంబ్రాలు అన్నీ ఒకే కార్డులో. మధ్యాహ్నం భోజనాల దగ్గర కార్డు మార్చి, తీసినదాన్ని ల్యాప్‌టాప్‌లో పెడితే తెరుచుకోలేదు. నిజామాబాద్ తీసుకెళ్లారు, హైదరాబాద్ తీసుకెళ్లారు. కొన్ని ఫొటోలు సగం సగం వచ్చాయి, పైన ముఖం, కింద బూడిదరంగు పట్టీ. ముహూర్తం ఫొటోలు ఒక్కటీ రాలేదు. వరుడి తల్లి స్టూడియోకు వచ్చి తిట్టలేదు, డబ్బు వాపసు అడగలేదు. కుర్చీలో కూర్చుని "ఒక్కటన్న లేదా బిడ్డా?" అని రెండుసార్లు అడిగి వెళ్లిపోయింది. కుర్రవాడు అప్పటికి ఇంకా చదువుకుంటున్నాడు, తండ్రికి సాయంగా ఉండేవాడు. "గామె నన్ను తిట్టినా బాగుండు అన్నా" అన్నాడు. ఆ ఏడాదే రెండు కార్డులు పట్టే కెమెరా కొన్నారు. పొద్దున్న కాంటా ఎక్కిన 5డీ మార్క్ 3 అదే. ఒక ఫొటో తీస్తే రెండు కార్డుల్లోనూ పడుతుంది.

ఇది బాన్సువాడవాళ్ల చాదస్తం అనుకుంటే పొరపాటు. 2018లో నికాన్ తన మొదటి ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ (అద్దం లేని) కెమెరాలు జెడ్6, జెడ్7 తెచ్చినప్పుడు వాటిలో ఒకే కార్డు గాడి ఉంది. ప్రపంచమంతటా పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు దాని మీద భగ్గుమన్నారు. చిత్రం ఎంత స్పష్టంగా వస్తుందో, లెన్సులు ఎంత గొప్పవో వినిపించుకునే ఓపిక వాళ్లకు లేకపోయింది. రెండేళ్లు తిరగగానే 2020లో నికాన్ ఆ రెండు కెమెరాలకూ కొత్త రూపాలు తెచ్చింది, రెండేసి గాళ్లతో. సోనీ పెద్ద కెమెరా ఏ7-3లో 2018 నుంచే రెండు ఉన్నాయి. చిన్నగా చేయడం కోసం ఏ7సీలో ఒకటి తీసేశారు. 2023లో దాని రెండో రూపం వచ్చినప్పుడు కూడా ఒకటే ఉంచారు. కెమెరా జేబులో పట్టాలి అనుకునేవాళ్లకు అది సరిపోతుంది. పెళ్లికి సరిపోదు. రెండో గాడికి చోటు లేదని చెప్పే ఇంజినీరు ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చున్న తల్లి ఎదుట నిలబడాలని ఈ ప్రవాసి నిజంగానే కోరుకుంటున్నాడు.

కిరాణా సేటు ప్రశ్నకు మళ్లీ వద్దాం. డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో లెన్సు వెనకాల ఒక అద్దం 45 డిగ్రీల వాలులో ఉంటుంది. లెన్సులోంచి వచ్చే వెలుగును అది పైనున్న గాజు పట్టకంలోకి పంపిస్తే, మనం వ్యూఫైండర్‌లో ఎదుటి మనిషిని చూస్తాం. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, వెలుగు సెన్సర్ మీద పడుతుంది, అద్దం దిగుతుంది. ఆ లేచి దిగే చప్పుడే మన పెళ్లిళ్లలో అందరికీ తెలిసిన టక్కుమనే చప్పుడు. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దమూ లేదు, పట్టకమూ లేదు. సెన్సర్ చూస్తున్నదే బుల్లి టీవీలా వ్యూఫైండర్‌లో కనిపిస్తుంది. అద్దం తిరగడానికి చోటు అక్కర్లేదు గనుక లెన్సు సెన్సర్‌కు బాగా దగ్గరికి వచ్చేసింది. కెనాన్ పాత ఈఎఫ్ కెమెరాల్లో ఆ దూరం 44 మిల్లీమీటర్లు, సోనీ ఈ-మౌంట్‌లో 18.

మార్చుకునే లెన్సులతో ఇలాంటి కెమెరాను మొదట బజారుకు తెచ్చింది పానసోనిక్, 2008లో జీ1 పేరుతో. దాని బాడీ 385 గ్రాములే. అప్పుడు కూడా ప్రొఫెషనల్స్ అన్నది ఇదే: టీవీలో చూసి ఫొటో ఎలా తీస్తాం? 2011లో నికాన్, 2012లో కెనాన్ చిన్న మిర్రర్‌లెస్‌లు తెచ్చాయి. కెనాన్ ఈఓఎస్ ఎం ఫోకస్ పట్టడానికి తీసుకునే సమయం చూసి విసుక్కోని ఫొటోగ్రాఫర్ లేడు. ఆ రెండు సంస్థలూ మనసు పెట్టి పెద్ద మిర్రర్‌లెస్‌లు చేసింది 2018లో. ఈలోగా 2013 నుంచే సోనీ ఏ7 వరసతో ముందుకు వెళ్లిపోయింది.

మూడో రోజు వర్ని వైపు ఒక ఊళ్లో పెళ్లి. కుర్రవాడు పెద్ద కెమెరాతో మండపం ఎదుట నిలబడ్డాడు. ప్రవాసిని చిన్న కెమెరాతో ఒక పక్కన నిలబెట్టి "నువ్వు నీ ఇష్టమున్నట్టు తియ్యన్నా, ముహూర్తం మాత్రం నేను చూస్కుంటా" అన్నాడు. ప్రవాసి సైలెంట్ షట్టర్ పెట్టుకుని తీయసాగాడు. అమ్మాయి మేనత్త కళ్లు తుడుచుకోవడం, పూజారి తాంబూలం వెతుక్కోవడం, పిల్లలు తలంబ్రాల బియ్యం దొంగిలించడం, ఎవరికీ తెలియకుండా తీశాడు. కెమెరా ఎదుట బిగుసుకుపోయే మన పెద్దవాళ్లు ఈ చిన్నదాన్ని పట్టించుకోనే లేదు.

కష్టం ఇంకోచోట వచ్చింది. అబ్బాయి తాత జంటను దీవించి, వంగినవాడు వంగినట్టే నిలబడ్డాడు. ప్రవాసి నాలుగు ఫొటోలు తీశాడు. తాత కదలలేదు. పక్కనుంచి కుర్రవాడు టక్కుమనిపించాక గానీ ఆయన నడుము ఎత్తలేదు. చప్పుడు వినబడితేనే ఫొటో పడ్డట్టు. ముప్పై, నలభై ఏళ్లుగా మన పెళ్లిళ్లలో దీవెన ఎప్పుడు పూర్తయిందో చెబుతున్నది ఆ అద్దం చప్పుడే.

రాత్రి రిసెప్షన్‌లో ఇంకో దెబ్బ. స్టేజీ వెనక ఎల్‌ఈడీ గోడ, చుట్టూ రంగు దీపాలు. ప్రవాసి తీసిన ఫొటోలన్నిటిలో అడ్డంగా చారలు, పెళ్లికూతురి పట్టుచీర మీద నల్లని పట్టీలు. సైలెంట్ షట్టర్‌లో సెన్సర్ బొమ్మను ఒక్కసారిగా తీసుకోదు, పైనుంచి కిందికి వరసలు వరసలుగా చదువుతుంది. ఎల్‌ఈడీ మన కంటికి నిలకడగా వెలుగుతున్నట్టు ఉన్నా నిజానికి ఆరి వెలుగుతుంటుంది. ఆరిన క్షణంలో చదివిన వరసలు చీకటిగా పడతాయి. కుర్రవాడు ఒక్క ఫొటో చూసి "సైలెంట్ తీసెయ్యన్నా, స్పీడు 100కు దించు" అన్నాడు. మామూలు షట్టర్‌తో చారలు పోయాయి. రెండేళ్ల తర్వాత, 2024 మేలో, పానసోనిక్ ఎస్9 అనే చిన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరా తెచ్చింది. అందులో వ్యూఫైండర్ లేదు, మెకానికల్ షట్టర్ లేదు, పైన ఫ్లాష్ బిగించే చోటున్నా దాన్ని వెలిగించే కరెంటు కనెక్షన్ లేదు. ఫొటోగ్రాఫర్లు మండిపడ్డారు. షార్జాలో ఆ వివరాలు చదువుతుంటే ప్రవాసికి ఆ రిసెప్షన్ స్టేజీయే కళ్లముందుకొచ్చింది. ఫ్లాష్ లేకుండా, చారల షట్టర్‌తో బాన్సువాడ ఫంక్షన్ హాల్లో ఏ పెళ్లీ తీయలేం.

పెళ్లివాళ్ల మాట కూడా ఒకటుంది. అబ్బాయి మేనమామ వచ్చి ప్రవాసి చేతిలోది చూసి కుర్రవాణ్ని పక్కకు పిలిచాడు. "పెద్ద కెమెరాకు పైసలు మాట్లాడుకున్నం గదా, గిదేంది?" అన్నాడు. ఇది అదనంగా తెచ్చిందని, పైసలు తీసుకోరని నచ్చజెప్పాల్సి వచ్చింది. దానికి మేనమామను తప్పుపట్టలేం. లక్షలు ఖర్చుపెట్టి చేసే శుభకార్యంలో తనకు కనిపించే నాణ్యత కెమెరా సైజు ఒక్కటే. ఫొటో నాణ్యత రెండు నెలలకు ఆల్బమ్ వచ్చాక గానీ తెలియదు.

చిన్న కెమెరాను బొమ్మ అనడం వందేళ్ల నాటి మాట. జర్మనీలోని వెట్‌జ్లర్‌లో లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్‌కు ఉబ్బసం. గాజు పలకల పెద్ద కెమెరా మోసుకుని కొండలెక్కడం ఆయన వల్ల కాలేదు. సినిమా రీలును అడ్డంగా తిప్పి, 24కు 36 మిల్లీమీటర్ల చట్రంలో ఫొటో పడేలా చేత్తో పట్టుకునే కెమెరా చేశాడు. అది లైకా పేరుతో 1925లో లైప్జిగ్ సంతలో బయటికొచ్చింది. అప్పటి స్టూడియోవాళ్లు దాన్ని ఆటవస్తువుగా చూశారు. ఏ7సీ లోపలున్న ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కొలత కూడా బార్నాక్ పెట్టిన ఆ 24కు 36 చట్రమే. అంతకుముందు మన దగ్గర, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో రాజా దీన్‌దయాళ్ పనిచేసిన కాలంలో, ఒక్క ఫొటోకు ఒక్క గాజు పలక. పగిలితే ఫొటో పోయినట్టే. అప్పుడు రెండో కార్డు మాటే లేదు.

పెద్దాయన సంగతి ఇంకా చెప్పలేదు. కుర్రవాడి తండ్రి. ఈ నాలుగు రోజులూ ఆయన స్టూడియోలో వెనక గదిలో కుర్చీలోనే ఉన్నాడు. గోడకు ఒక పేపరు కత్తిరింపు అంటించుకున్నాడు. ఆ జనవరి ఆఖరున కన్నుమూసిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ గురించిన వార్త అది. తెలంగాణ పల్లె గడపలను, బతుకమ్మ ఎత్తుకున్న ఆడబిడ్డలను జీవితమంతా తీసిన వరంగల్ మనిషి. "ఆయన తలుపులు తీస్తే గూడ ఇంట్ల మనుషులు కనబడ్తరు" అన్నాడు పెద్దాయన. తను మాత్రం ఫొటోలు తీయడం మానేసి నాలుగైదేళ్లయింది. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ జరిగింది. డీఎస్‌ఎల్‌ఆర్ కిటికీలో ఫోకస్ సరిగా పడిందో లేదో కనబడదు. కెమెరా తనంతట తనే ఫోకస్ చేస్తుందంటే ఆయనకు నమ్మకం కుదరదు.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు ప్రవాసి సంచిలోంచి ఒక ఇనుప ఉంగరం తీశాడు. పెంటాక్స్ లెన్సును సోనీకి బిగించే అడాప్టర్. అద్దం పోయి లెన్సుకూ సెన్సర్‌కూ మధ్య దూరం తగ్గిందని చెప్పుకున్నాం కదా, పాత లెన్సులకు కావాల్సిన దూరాన్ని ఇలాంటి ఉంగరంతో నింపితే అవి కొత్త కెమెరా మీద పనిచేస్తాయి. అద్దం ఉన్న కెమెరాల్లో ఈ సౌలభ్యం బాగా తక్కువ.

"కాకా, కె1000 లెన్సు ఉందా?"

పెద్దాయన మాట్లాడకుండా లేచాడు. అల్మారా కింది అర నుంచి, పసుపు గుడ్డలో చుట్టిన కె1000 తీశాడు. లెన్సు పక్కనున్న చిన్న మీట నొక్కి తిప్పగానే 50 ఎంఎం ఎఫ్2 ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని వెలుగుకు ఎత్తి లోపల బూజు ఉందేమో చూశాడు. ఒక అంచున సన్నని పోగులాగ ఉంది. చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాడు. ప్రవాసి దాన్ని ఏ7సీకి బిగించి, చెయ్యి వణికినా ఫొటో కదలకుండా పట్టే ఏర్పాటులో 50 అని అంకె పెట్టి, ఆయన చేతిలో పెట్టాడు. ఇక్కడ నొక్కితే బొమ్మ దాదాపు ఆరు రెట్లు పెద్దదవుతుంది, మళ్లీ నొక్కితే పన్నెండు రెట్లు. ఫోకస్ పడ్డ అంచులన్నీ ఎర్రగా మెరుస్తాయి.

పెద్దాయన వ్యూఫైండర్‌కు కన్ను ఆనించి రింగు తిప్పాడు. కొంచెం అటు, కొంచెం ఇటు. రింగు మీద ఆయన వేళ్లు సరిగ్గా పాత చోటే పడ్డాయి. చాలాసేపు ఏమీ అనలేదు. కౌంటర్ దగ్గర కొడుకు వైపు తిప్పాడు, గోడ గడియారం వైపు తిప్పాడు, బయట ఆగి ఉన్న ఆటో వైపు తిప్పాడు. "కనురెప్పలు గూడ కనబడ్తున్నయి రా" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

కొడుకు కౌంటర్ వదిలి వచ్చి తండ్రి పక్కన నిలబడ్డాడు. అతని మనసు మాత్రం అప్పటికే ఏ7-4 మీద ఉంది. అంతకుముందు అక్టోబరులో సోనీ ప్రకటించిన ఆ కెమెరా బరువు 658 గ్రాములు, కార్డు గాళ్లు రెండు. "నూటయాభై గ్రాములు ఎక్కువున్నా ఫికర్ లేదు, రెండు కార్డులున్నయి" అని నాలుగు రోజులుగా అందరికీ చెబుతున్నాడు. ఇప్పుడు తండ్రి చేతిలోని చిన్న కెమెరాను చూస్తూ "ఇదెంతకిస్తవన్నా?" అని అడిగాడు. ప్రవాసి ధర చెప్పలేదు.

పెద్దాయన ఆ మాటలు వినలేదు. ప్రవాసిని చూసి "నీ పాస్‌పోర్టు ఎప్పటిదాంక ఉంది?" అన్నాడు. ఆ ఏడాదే అయిపోతుంది. 2002లో తీసుకున్నది పదేళ్లకు 2012లో మార్చుకున్నాడు, మళ్లీ పదేళ్లు. దుబాయ్ వెళ్లాక కొత్తదానికి పెట్టుకోవాలి, ఫొటోలు కావాలి.

"మరి కూసో" అన్నాడు పెద్దాయన.

వెనక గదిలో తెల్లగుడ్డ ఇంకా అక్కడే ఉంది, అంచు కొంచెం పసుపుపచ్చగా మారింది. స్టూలు మార్చారు. కొడుకు లైటు ఎడమవైపు జరిపాడు. పెద్దాయన కెమెరాను ముఖానికి ఆనించుకుని రింగు తిప్పుతూ, ఇరవై ఏళ్ల కింద అన్న మాటే అన్నాడు, అదే గొంతుతో.

"గదువ జర కిందికి. ఆఁ... గట్లనే ఉండు."

ప్రవాసి కదలకుండా కూర్చున్నాడు. సైలెంట్ షట్టర్ తీసేసి ఉంది. చిన్నదే అయినా చప్పుడు వినబడింది.